విశాఖలో కాలేజీ చదువు: పెట్టిన డబ్బుకి ఫలితం ఉందా? తల్లిదండ్రులు, పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పాను. ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు మొదలుకొని కౌన్సెలింగ్ ముగిసేదాకా మా వరండాలో కుర్చీలు ఖాళీగా ఉండవు. గాజువాక, మల్కాపురం, పెందుర్తి, అనకాపల్లి నుంచి, ఒక్కోసారి శ్రీకాకుళం వైపు నుంచి కూడా వస్తారు. అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఒకచోట రాసి పెడితే పదిమందికి పనికొస్తుందని రాస్తున్నాను.

కాలేజీ చదువుకి ఇంకా విలువ ఉందా, లేదా? ముందు ఒక్క మాటలో చెప్పండి.

ఉంది. అయితే చదువు విలువ వేరు, మీకు అమ్మజూపుతున్న సీటు విలువ వేరు. తక్కువ ఫీజుకి దొరికే మంచి సీటుని వదులుకోవద్దని చెప్తాను. పొలం అమ్మి, నగలు తాకట్టు పెట్టి, పేరు కూడా సరిగా తెలియని కాలేజీలో బి-కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) సీటు కొనొద్దని అంతే గట్టిగా చెప్తాను. ఈ రెండింటి మధ్య ఉన్నవాళ్ళకే కాగితం, పెన్ను కావాలి.

ఖర్చు ఎలా లెక్కేసుకోవాలి? ఫీజు ఎంతో కాలేజీవాళ్ళు చెప్తున్నారు కదా?

వాళ్ళు చెప్పేది ట్యూషన్ ఫీజు. మీరు కట్టేది అదొక్కటే కాదు.

కిందటేడు మల్కాపురం నుంచి ఒకాయన వచ్చారు. కాంట్రాక్టు మీద వెల్డింగు పని. చేతుల మీద నిప్పురవ్వలు పడిన మచ్చలు. క్యారీబ్యాగులోంచి నాలుగు మడతలు పెట్టిన కాలేజీ కరపత్రం, కొడుకు ర్యాంకు కార్డు తీసి బల్ల మీద పెట్టారు. ఏడాదికి 1.20 లక్షలు, నాలుగేళ్ళకి 4.80 లక్షలు అని ఆయన మనసులో పెట్టుకున్నారు. ర్యాంకు కార్డు జిరాక్సు తిరగేసి వెనకవైపు రాయడం మొదలుపెట్టాం. హాస్టలు, భోజనం ఏడాదికి 90 వేలు. పరీక్ష ఫీజు, ట్రైనింగ్ ఫీజు, రికార్డులు, యూనిఫామ్, పండగలకి ఇంటికి రాకపోకలు కలిపి ఏడాదికి 20 వేలు. ల్యాప్‌టాప్ 50 వేలు. అంతా కూడితే 9.70 లక్షలు. ఆయన అనుకున్నదానికి రెట్టింపు పైనే. కాసేపు ఆ కాగితం వైపే చూసి, "మాస్టారూ, ఇందులో ఎక్కడ తగ్గుద్ది?" అని అడిగారు.

తగ్గేది హాస్టలు దగ్గర. సిటీలోనే ఉంటూ సిటీ చుట్టుపక్కల కాలేజీకి పిల్లాణ్ణి హాస్టల్లో పెట్టడమంటే 3.60 లక్షలు చేతులారా వదులుకోవడమే. రోజూ బస్సులో గంటంపావు ప్రయాణం కష్టమే, కాదనను. కానీ ఆ అబ్బాయి ఇప్పుడు ఇంటినుంచే వెళ్ళి వస్తున్నాడు, అదీ ర్యాంకుని బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటా సీటులో.

ఇంకో లెక్క కూడా ఉంది. ఆ నాలుగేళ్ళు పిల్లాడు పనికి వెళ్తే సంపాదించేది. పరవాడ, అచ్యుతాపురం ఫ్యాక్టరీల వైపు నెలకి 15 వేల పని దొరికిందనుకున్నా నాలుగేళ్ళకి 7.20 లక్షలు. చదువు మానిపించమని ఈ లెక్క చెప్పడం లేదు. నాలుగేళ్ళు ఊరికే గడిపేస్తే పోయేది ఫీజు ఒక్కటే కాదని పిల్లలకి తెలియాలి. ఈ లెక్క వాళ్ళ ఎదురుగానే వెయ్యండి.

బ్యాంకు లోను తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. 4 లక్షల వరకు మార్జిన్ (మనం చేతినుంచి పెట్టాల్సిన వాటా) గానీ, తాకట్టు గానీ అడగరు. 7.5 లక్షల వరకు ప్రభుత్వ గ్యారంటీ పథకం ఉంది కాబట్టి ఆస్తి పెట్టక్కర్లేదు, తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం చెయ్యాలి. కోర్సు అయిపోయాక సాధారణంగా ఏడాది వరకు కిస్తీలు మొదలుకావు. చాలామంది ఇక్కడే పొరపడతారు. కిస్తీ ఆగుతుంది, వడ్డీ ఆగదు.

ఏడాదికి 2 లక్షల చొప్పున 8 లక్షలు, 11 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదివే నాలుగేళ్ళు, ఆ తర్వాత ఒక ఏడాది కలిపి మామూలు వడ్డీయే, అంటే వడ్డీ మీద వడ్డీ లేకుండానే, 3.08 లక్షలు అవుతుంది. అంటే పిల్లాడు మొదటి కిస్తీ కట్టేనాటికి అప్పు 11.08 లక్షలు. దాన్ని పదేళ్ళలో తీర్చాలంటే నెలకి 15 వేల పైచిలుకు. ఐటీలో కొత్తగా చేరేవాళ్ళ ప్యాకేజీ పదేళ్ళకి పైగా మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఆగిపోయింది. కోతలన్నీ పోను చేతికొచ్చేది నెలకి 25 వేలు అటూ ఇటూ. అందులో 15 వేలు బ్యాంకుకి పోతే హైదరాబాదులోనో బెంగళూరులోనో గది అద్దె, తిండి ఎలా? చివరికి తండ్రే కడతాడు. ఇలాంటి తండ్రుల్ని నేను ఒకరిద్దర్ని కాదు, చాలామందిని చూశాను.

అందుకని పిల్లలకి నేను చెప్పే కొలత ఒకటుంది: మొత్తం అప్పు, మీరు నమ్మకంగా ఆశించగల మొదటి ఏడాది జీతం దాటకూడదు. కరపత్రంలో వేసిన జీతం కాదు, మీ సీనియర్లలో మధ్యస్తంగా చదివేవాడికి వచ్చిన జీతం.

చదువుతుండగానే ఆ మామూలు వడ్డీ నెలనెలా కట్టేస్తూ ఉంటే భారం బాగా తగ్గుతుంది. మొదటి ఏడాది నెలకి రెండు వేల లోపే ఉంటుంది. ఇక పెద్ద విద్యాసంస్థలో సీటు వస్తే 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం గురించి బ్యాంకులో తప్పకుండా అడగండి. ఆ పథకం జాబితాలో ఉన్న సంస్థల్లో చేరేవాళ్ళకి తాకట్టు, హామీదారు లేకుండా లోను ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు లోను మీద 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది.

బ్యాంకు చుట్టూ తిరగలేం. తెలిసినవాళ్ళ దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెస్తే?

వద్దు. నూటికి నెలకి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. లక్షకి నెలకి 2 వేలు, ఏడాదికి 24 వేలు, అసలు అలాగే ఉంటుంది. బ్యాంకు వడ్డీకి ఇది రెట్టింపు. మూడు రూపాయలంటే 36 శాతం. తిరగడానికి మొహమాటపడి, మేనేజరు ఏమంటాడో అని భయపడి మనవాళ్ళు ఈ వడ్డీలోకి దిగుతారు. నాలుగుసార్లు బ్యాంకుకి తిరిగితే నాలుగు రోజుల కూలి పోతుంది. ఈ వడ్డీలో దిగితే నాలుగేళ్ళ కూలి పోతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా, ఇక ఖర్చేముంది?

ఈ పథకమే లేకపోతే మా ఇంటి చుట్టుపక్కల సగం మంది ఇంజనీర్లు ఉండేవాళ్ళు కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఈ పథకం, అంటే పిల్లల తరఫున ప్రభుత్వమే చేసే ఫీజు చెల్లింపు, కూలివాళ్ళ పిల్లల్ని కూడా కాలేజీ మెట్లు ఎక్కించింది. ఆ మేలు మరచిపోకూడదు. అయితే మూడు సంగతులు తెలిసి ఉండాలి.

కుటుంబ ఆదాయం 2.5 లక్షలు దాటకూడదు, హాజరు 75 శాతం ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటాకి, కౌన్సెలింగ్ అయ్యాక మిగిలిన సీట్లని కాలేజీయే నింపుకునే స్పాట్ అడ్మిషన్‌కి ఇది వర్తించదు. "మా కాలేజీలో చేరండి, ఆ సంగతి మేం చూసుకుంటాం" అని ఇంటికొచ్చి చెప్పే ఏజెంటు మాట నమ్మి బి-కేటగిరీలో చేరి, తర్వాత లబోదిబోమన్నవాళ్ళు ఉన్నారు.

మూడోది, ఆలస్యం. ప్రభుత్వం డబ్బు ఆలస్యంగా వేసినప్పుడు కాలేజీ ఎవరి మెడ మీద కూర్చుంటుందో నా సొంత అనుభవం చెప్తాను. మా చెల్లెలి కూతురు ఇంజనీరింగ్ ఫస్ట్ క్లాసులో పాసైంది. ఉద్యోగంలో చేరడానికి ఒరిజినల్స్ కావాలి. చివరి ఏడాది రీయింబర్స్‌మెంట్ ఇంకా పడలేదు కాబట్టి 62 వేలు కడితేనే ఇస్తామన్నారు. తర్వాత డబ్బు పడితే తిరిగి ఇస్తామని నోటిమాట, రసీదు మీద మాత్రం ఆ ముక్క రాయమంటే రాయలేదు. మా చెల్లెలు గొలుసు తాకట్టు పెట్టి కట్టింది. ఆ అమ్మాయి ఉద్యోగంలో చేరి, తన జీతంలోంచే ఆ గొలుసు విడిపించుకుంది. డబ్బు తిరిగి రావడానికి ఏడాదిన్నర పట్టింది, అదీ నేను పది ఉత్తరాలు రాస్తే.

సర్టిఫికెట్లు పట్టుకుని కూర్చోవడం తప్పు. విద్యార్థుల ఒరిజినల్స్ కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2018లోనే చెప్పింది. చేరే రోజు చూపించి, సరిచూశాక వెనక్కి తీసుకోండి. ఇవ్వకపోతే, ఏమేమి తీసుకున్నారో రాసిన రసీదు సంతకంతో అడిగి తీసుకోండి.

కన్వీనర్ కోటాలో సివిల్ వచ్చింది. మేనేజ్‌మెంట్‌లో కంప్యూటర్ సైన్స్ ఇస్తామంటున్నారు. ఏది?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి, 30 శాతం యాజమాన్యానివి. ఆ 30 శాతంలో అందరూ ఎగబడేది కంప్యూటర్ సైన్స్ కోసం.

నా సమాధానం పిల్లల్ని బట్టి ఉంటుంది. ఇంటర్లో లెక్కలు ఇష్టంగా చేసిన పిల్ల, సొంతంగా ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో కోడింగ్ మొదలుపెట్టిన పిల్ల అయితే, ఆమె ఏ బ్రాంచిలో ఉన్నా సాఫ్ట్‌వేర్‌కి వెళ్తుంది. కంపెనీలు చాలావరకు బ్రాంచి పట్టింపు లేకుండానే పరీక్ష పెడతాయి. అలాంటి పిల్లకి లక్షలు అదనంగా పోయడం అనవసరం. లెక్కలంటే వణికే పిల్లాణ్ణి డబ్బు పోసి కంప్యూటర్ సైన్స్‌లో కూర్చోబెడితే మూడో ఏడాదికి పదకొండు సబ్జెక్టులు సప్లీ ఉంటాయి. ఆ టెన్షన్ ఇంటిల్లిపాదికీ.

నాలుగూళ్ళు దూరంలో ఉన్న కాలేజీలో కంప్యూటర్ సైన్స్ కన్నా, ఇక్కడ ఆంధ్రా యూనివర్సిటీలోనో, పాతికేళ్ళుగా పేరు నిలబెట్టుకున్న కాలేజీలోనో వేరే బ్రాంచి మంచిదని నేను అనుకుంటాను. మీ పక్కన కూర్చునేవాళ్ళు బాగా చదివేవాళ్ళయితే మీరూ చదువుతారు. ఒక్క జాగ్రత్త: ఒకే యూనివర్సిటీలో కూడా రెగ్యులర్ సీటు ఫీజు వేరు, సెల్ఫ్ ఫైనాన్స్ సీటు ఫీజు వేరు. పేరు చూసి ఆప్షన్ పెట్టేయకండి, పక్కన ఫీజు అంకె చూడండి.

ఫ్లెక్సీల మీద ప్యాకేజీలు వేస్తున్నారు. నమ్మొచ్చా?

ఆ ఫోటోలో ఉన్న అమ్మాయికి నిజంగానే అంత ప్యాకేజీ వచ్చి ఉండొచ్చు. మీరు అడగవలసింది ఆ అమ్మాయి గురించి కాదు, ఆమె వెనక బెంచీలో కూర్చున్నవాళ్ళ గురించి. మొత్తం ఎంతమంది చేరారు, ఎంతమంది సప్లీ లేకుండా బయటికొచ్చారు, వాళ్ళలో ఎంతమందికి ఆఫర్ లెటర్ వచ్చింది, ఎంతమంది నిజంగా చేరారు. ఒకే పిల్లాడికి మూడు ఆఫర్లొస్తే మూడు ప్లేస్‌మెంట్లుగా లెక్కేసేవాళ్ళున్నారు. జీతం సగటు అడగొద్దు, మధ్య అంకె అడగండి. వందమందిని జీతం వరసలో నిలబెడితే యాభయ్యో వాడికి ఎంత? ఒక్కడికి 40 లక్షలొస్తే సగటు పైకి పోతుంది, యాభయ్యో వాడి జీతం కదలదు.

మామూలు డిగ్రీ, అంటే బీఎస్సీ, బీకాం, బీఏ, చదివితే ఏమొస్తుంది?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు చాలామంది గొంతు తగ్గించి అడుగుతారు, అదేదో తప్పయినట్టు. విశాఖలో డిగ్రీ చదువుకి పెద్ద చరిత్రే ఉంది. ఏవీఎన్ కాలేజీ 1860లో మొదలైంది. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో బెజవాడలో మొదలై, కొన్నేళ్ళకి వాల్తేరు వచ్చింది. మద్దిలపాలెంలో కృష్ణా కాలేజీ లాంటి ప్రభుత్వ కాలేజీల్లో ఫీజు ప్రైవేటుతో పోలిస్తే చాలా తక్కువ. గ్రూప్-2కి, బ్యాంకు పీవో (ఆఫీసరు) పరీక్షకి ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలు. బీకాంతో పాటు అకౌంట్స్ సాఫ్ట్‌వేర్, జీఎస్టీ పని నేర్చుకున్న పిల్లలు డాబాగార్డెన్స్ ఆఫీసుల్లో ఖాళీగా ఉండటం నేను చూడలేదు.

కానీ డిగ్రీ కాగితం ఒక్కటే చూపించి ఉద్యోగం అడిగే రోజులు పోయాయి. కేంద్రం చేసే కార్మిక సర్వే ప్రకారం 2022-23లో దేశంలో మొత్తం నిరుద్యోగం 3.2 శాతమైతే, గ్రాడ్యుయేట్లలో 13.4 శాతం. అంటే చదివితే ఉద్యోగం పోతుందనా? కాదు. చదవనివాడికి ఖాళీగా కూర్చునే వీలు లేదు, ఏ పని దొరికితే ఆ పని చేస్తాడు. డిగ్రీ చదివినవాడు తగిన ఉద్యోగం కోసం ఇంట్లోవాళ్ళ సంపాదన మీద ఎదురుచూస్తాడు. ఎదురుచూడగల స్తోమత మీ ఇంటికి ఎన్ని నెలలుందో ముందే మాట్లాడుకోండి. గ్రూప్స్‌కి ఇన్నిసార్లు రాస్తాను, ఆ తర్వాత పనిలో చేరతాను అని పిల్లాడి నోటితోనే చెప్పించండి.

ఐటీఐ, పాలిటెక్నిక్ చదివితే పరువు తక్కువా?

మా తరం వాళ్ళని అడగండి. గాజువాకలో సొంత ఇల్లు కట్టుకుని, పిల్లల్ని అమెరికా పంపిన ఎంతోమంది కంచరపాలెం ఐటీఐలో ఫిట్టరు, ఎలక్ట్రీషియను చేసినవాళ్ళే. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో ఉద్యమం జరిగింది, ఫ్యాక్టరీ వచ్చింది, ఐటీఐ చదివినవాళ్ళకి పర్మనెంటు ఉద్యోగం, క్వార్టరు, వైద్యం దొరికాయి. కంచరపాలెంలో ఐటీఐ జంక్షన్ అని బస్టాపే ఉంది.

ఇప్పుడు అలాంటి పర్మనెంటు ఉద్యోగాలు తగ్గిపోయాయి, ఆ మాట దాచను. ఎక్కువ పని కాంట్రాక్టు మీదే. కొందరు తల్లిదండ్రులు ఐటీఐ వద్దనేది అందుకే, వాళ్ళ భయంలో నిజముంది. అయినా రైల్వే టెక్నీషియన్ పోస్టులకి ఐటీఐ అడుగుతారు. నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలు ఐటీఐ పాసైనవాళ్ళని తీసుకుంటుంది. అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది, శిక్షణలో స్టైపెండ్ ఇవ్వాలి. డబ్బు కట్టి నేర్చుకోవడానికీ, డబ్బు తీసుకుంటూ నేర్చుకోవడానికీ తేడా మీకే తెలుసు.

పాలిటెక్నిక్ గురించి ఒక లెక్క చెప్తాను. పది తర్వాత ఇంటర్ రెండేళ్ళు, బీటెక్ నాలుగేళ్ళు, మొత్తం ఆరేళ్ళు. పది తర్వాత పాలీసెట్ రాసి డిప్లొమా మూడేళ్ళు, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరితే ఇంకో మూడేళ్ళు, ఇదీ ఆరేళ్ళే. కానీ ఈ దారిలో మూడేళ్ళకే చేతిలో డిప్లొమా ఉంటుంది. ఇంట్లో పరిస్థితి బాగోక మధ్యలో ఆగినా ఉద్యోగానికి వెళ్ళొచ్చు. ఇంటర్‌తో ఆగిపోయినవాడికి ఆ వీలు లేదు. మధ్యతరగతికి దిగువన ఉన్న ఇంటికి ఈ దారి నేను ముందు చెప్తాను. వినేవాళ్ళు తక్కువ, విన్నవాళ్ళెవరూ తిరిగొచ్చి నన్ను నిష్ఠూరమాడలేదు.

అమ్మాయికి అంత ఖర్చెందుకు, పెళ్ళికి దాచుకుంటే పోదా?

ఈ ప్రశ్న ఇప్పటికీ అడుగుతున్నారు, అదీ అమ్మాయి పక్కనే కూర్చుని ఉండగా. ఆ పిల్ల తల దించుకుంటుంది.

కట్నం పేరుతో దాచింది ఒక్క రోజులో వేరే ఇంటికి పోతుంది. చదువు ఆమె దగ్గరే ఉంటుంది. భర్త ఆరోగ్యం పాడైనా, కాపురంలో తేడా వచ్చినా, ఆమె నిలబడేది ఆ చదువు మీదే. మా వీధిలో ముప్పై ఆరేళ్ళకి భర్తని పోగొట్టుకున్న ఒకావిడ నర్సింగ్ చదివి ఉండటం వల్ల మూడో నెలలోనే ఆసుపత్రిలో చేరి, ఇద్దరు పిల్లల్ని చదివించుకుంది. కొడుక్కి బి-కేటగిరీ సీటు కొని, కూతుర్ని ఇంటి పక్క కాలేజీలో ఏదో ఒక గ్రూపులో పడేసేవాళ్ళని నేను ఒకటే అడుగుతాను: ఇద్దరి మార్కుల కాగితాలూ పక్కపక్కన పెట్టండి, ఎవరి మీద ఖర్చు పెట్టాలో అవే చెప్తాయి.

ఏఐ వచ్చాక ఈ చదువులన్నీ దండగ అంటున్నారు?

కొత్తగా చేరేవాళ్ళకి అప్పజెప్పే చిన్న చిన్న కోడింగ్ పనులు తగ్గుతున్నాయి, అది నిజమే. అందుకే చదువు మానేయమనను, ఎక్కువ అప్పు చెయ్యొద్దంటాను. పదేళ్ళ తర్వాత ఏ ఉద్యోగం ఉంటుందో చెప్పలేని రోజుల్లో పదేళ్ళ కిస్తీ నెత్తిన పెట్టుకోవడం మంచిది కాదు.

మావాడికి చదవాలనే లేదు. బలవంతంగా చేర్పించాలా?

ఒక ఏడాది ఆపండి. ఏదైనా పనిలో పెట్టండి, నిజమైన పనిలో, జీతానికి. మెకానిక్ షెడ్డులో ఎనిమిది నెలలు చేసి, తనంతట తానే పాలిటెక్నిక్ ఫారం తెచ్చుకున్న అబ్బాయి నాకు తెలుసు. అదే పనిలో ఉండిపోయి సొంత షెడ్డు పెట్టుకున్న అబ్బాయీ తెలుసు. ఇద్దరూ బాగున్నారు. ఏడాది పోతుందని భయపడతారు గానీ, ఇష్టం లేకుండా చేరి రెండో ఏడాదిలో మానేస్తే రెండేళ్ళూ పోతాయి, కట్టిన ఫీజూ పోతుంది.

ఫీజు కట్టడానికి గడువు రేపే. ఇప్పుడేం చెయ్యమంటారు?

రేపు పొద్దున్నే కాలేజీకి వెళ్ళండి, అడ్మిషన్ ఆఫీసుకి కాదు. క్యాంటీన్ దగ్గర నిలబడి, ఫైనల్ ఇయర్ పిల్లలు నలుగురిని అడగండి: ల్యాబులు జరుగుతాయా, మాస్టార్లు ఏడాది మధ్యలో మారిపోతారా, చెప్పిన ఫీజు కాకుండా ఇంకేం కట్టించుకున్నారు, మీ తమ్ముణ్ణి ఇక్కడ చేర్పిస్తారా? చివరి ప్రశ్నకి వాళ్ళు ఎంతసేపు ఆలోచించారో చూడండి.

కట్టాక మనసు మారినా డబ్బంతా పోయినట్టు కాదు. యూజీసీ 2018 అక్టోబరు నోటిఫికేషన్ ప్రకారం అడ్మిషన్ల ఆఖరి తేదీకి 15 రోజులో, అంతకన్నా ముందో మానేస్తే ఫీజు మొత్తం వెనక్కివ్వాలి, ప్రాసెసింగ్ కింద గరిష్ఠంగా 5 వేలు మాత్రం పట్టుకోవచ్చు. ఆఖరి తేదీకి 15 రోజుల లోపు అయితే 90 శాతం. ఆ తేదీ దాటాక 15 రోజుల్లోపు 80 శాతం, 30 రోజుల్లోపు 50 శాతం. నెల దాటితే ఏమీ రాదు. మానేస్తున్నామని నోటితో చెప్పి రావద్దు. తేదీ వేసి కాగితం మీద రాసి ఇచ్చి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. ముద్ర వెయ్యం అంటే అదే కాగితం స్పీడ్ పోస్టులో పంపండి, ఆ రసీదు పారెయ్యకండి.